ఐదు గంటల నిద్ర పిల్లలకు నిజంగా అలవాటవుతుందా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబుకి 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, రెసిడెన్షియల్ కాలేజీ. రాత్రి 11 దాకా స్టడీ అవర్స్, నడుం వాల్చేసరికి 11:30, తెల్లవారుజామున 4:30కి బెల్లు. ఆరు నెలలుగా ఇదే వరస. తరచూ తలనొప్పి అంటున్నాడు. నెలకోసారి ఇంటికొస్తే మధ్యాహ్నం దాకా లేవడు, లేపితే కసురుకుంటున్నాడు. మీవారు అది బద్ధకం అంటున్నారు. బాబేమో "నాకు అలవాటైపోయిందమ్మా, నువ్వు బెంగపెట్టుకోకు" అంటున్నాడు. నిజంగా అలవాటవుతుందా, ఒంటికేమైనా చేటా అని మీరు అడిగారు.

నేను 20 ఏళ్లకు పైగా పిల్లల డాక్టరుగా పనిచేస్తున్నాను. మా ఊళ్లో వీధికో హాస్టల్ ఉంది, కాబట్టి మీ బాబులాంటి పిల్లలు వారానికి పదిమందైనా నా దగ్గరకు వస్తారు. తలనొప్పి అని, కడుపునొప్పి అని, కళ్లు తిరుగుతున్నాయని, చదివింది గుర్తుండట్లేదని వస్తారు. నిద్ర తక్కువైందని మాత్రం ఒక్కరూ రారు. ఎన్నింటికి పడుకుంటావు, ఎన్నింటికి లేస్తావు అని నేనే అడగాలి. అడిగితే చాలామంది చెప్పేది మీ బాబు చెప్పిన మాటే, అలవాటైపోయిందని. అన్నిటికంటే ఆ మాటకే నాకు ఎక్కువ భయం. ఎందుకో చెప్తాను.

అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను కొందరిని రాత్రికి 8 గంటలు, కొందరిని 6, కొందరిని 4 గంటల చొప్పున 14 రోజులు పడుకోనిచ్చి, పగలు వాళ్ల ఏకాగ్రతనీ జ్ఞాపకాన్నీ పరీక్షించారు. 6 గంటలు, అంతకంటే తక్కువ పడుకున్నవాళ్ల పనితీరు రోజురోజుకీ దిగజారుతూ పోయింది. రెండు వారాలయ్యేసరికి ఒకటి రెండు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా గడిపినవాళ్లతో సమానమైంది. అసలు సంగతి ఇంకొకటుంది. "నిద్ర ఎంత వస్తోంది?" అని అడిగితే మొదటి రోజుల్లో చాలా వస్తోందన్నారు, ఆ తర్వాత వాళ్ల జవాబు పెద్దగా మారలేదు. పనితీరు మాత్రం కిందికి పోతూనే ఉంది. నిద్ర చాలట్లేదన్న స్పృహ మొద్దుబారుతుందే తప్ప మెదడుకి జరిగే నష్టం ఆగదు. మీ బాబు అబద్ధం చెప్పట్లేదమ్మా, వాడికి నిజంగానే అలా అనిపిస్తోంది.

వాళ్లు పెద్దవాళ్లు కదా, కుర్రాళ్లు తట్టుకుంటారు అంటారు. అందుకే సింగపూర్ సంగతి కూడా చెప్పాలి. మనలాగే అక్కడా పిల్లల్ని పరీక్షలకు విపరీతంగా చదివిస్తారు. 2016లో అక్కడి పరిశోధకులు 15-19 ఏళ్ల మధ్య పిల్లలు 56 మందిని తీసుకుని కొందరికి రాత్రికి 9 గంటలు, మిగతావాళ్లకు 5 గంటలు చొప్పున వారం రోజులు నిద్ర ఇచ్చారు. 5 గంటలంటే సరిగ్గా మీ బాబు నిద్రపోతున్నంత. వారం తిరిగేసరికి ఆ పిల్లల ఏకాగ్రత, విషయాన్ని బుర్రలో నిలుపుకుని లెక్క కట్టే శక్తి, హుషారు, మనసులో ఉల్లాసం అన్నీ తగ్గాయి. తర్వాత రెండు రాత్రులు 9 గంటల చొప్పున పడుకోనిచ్చినా పూర్తిగా కోలుకోలేదు. ఒక్క వారానికే అలా ఉంటే మీ బాబుకి ఆరు నెలలైంది. ఇంటికొచ్చిన ఆదివారం మధ్యాహ్నం దాకా లేవకపోవడం బద్ధకం కాదని మీవారికి దయచేసి చెప్పండి. వాడి ఒళ్లు బాకీ వసూలు చేసుకుంటోంది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కనీసం 8 అనుకున్నా వాడు రోజుకి 3 గంటలు బాకీ, వారానికి 21 గంటలు. ఒక్క ఆదివారంతో తీరే బాకీ కాదు ఇది.

"అంత నిద్రొచ్చేవాడు ఇంటికొచ్చినప్పుడైనా 10 గంటలకే పడుకోవచ్చుగా, అర్ధరాత్రి దాకా మేలుకునే ఉంటాడు" అని మీరు రాశారు. అందులో వాడి తప్పు సగమే. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఊరి ఒంటికి రాత్రయిందని చెబుతుంది. యుక్తవయసులో అది ఊరే వేళ గంట, రెండు గంటలు ఆలస్యమవుతుంది. బ్రౌన్ యూనివర్సిటీలో మేరీ కార్స్కాడన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా దీని మీద పనిచేశారు. పదేళ్ల పిల్లవాడు రాత్రి 9కే తూగుతాడు. వాడే 16 ఏళ్లకు 11 అయినా కళ్లు పత్తికాయల్లా పెట్టుకుని ఉంటాడు. 20 దాటాక ఆ గడియారం మెల్లగా మళ్లీ సర్దుకుంటుంది. ఫోను ఈ ఆలస్యాన్ని ఇంకా పెంచుతుంది గానీ, మొదలుపెట్టేది ఫోను కాదు. కాబట్టి మనకి 4:30 అయితే వాడి ఒంటి లెక్కలో అది ఇంకా నడిరాత్రే.

ఇక్కడ మన ఇళ్లలో తరచూ వినిపించే రెండు మాటల గురించి చెప్పాలి. మొదటిది బ్రాహ్మీముహూర్తం. తెల్లవారుజామున చదివితే తలకెక్కుతుందని మా నాన్నగారూ అనేవారు, మమ్మల్నీ లేపేవారు. అయితే ఆయన మమ్మల్ని రాత్రి 8:30కి అన్నం పెట్టించి 9కి పడుకోబెట్టేవారు. ఊళ్లో కరెంటు ఉన్నా లేకపోయినా ఆ వేళకి దీపం ఆరిపోయేది. తెల్లవారుజామున లేవడమనే సగాన్ని మాత్రం కాలేజీలు తీసుకున్నాయి, పెందరాళే పడుకోవడమనే సగాన్ని వదిలేశాయి. రెండోది, విద్యార్థికి శ్వాననిద్ర ఉండాలంటారు. ఆ మాటకి అర్థం చిన్న అలికిడికే మెలకువ రావాలని. తక్కువ నిద్రపోవాలని ఎక్కడా లేదు. కుక్క రోజులో కనీసం పది గంటలు ఏదో ఒక నీడన పడుకునే ఉంటుంది. పెద్దలు చెప్పినదాన్ని కాదనాల్సిన పని లేదు, మొత్తం పాటిస్తే చాలు.

ఇక ఒంటికి ఏమవుతుందో చెప్తాను.

ముందు చదువు సంగతి. తల్లిదండ్రులు నిజంగా భయపడేది దానికే కదా. పగలు నేర్చుకున్నది రాత్రి నిద్రలోనే మెదడులో శాశ్వతంగా చోటు చేసుకుంటుంది. నిద్ర కోసేస్తే చదివిన గంటలుంటాయి గానీ చదివింది మిగలదు. లాస్ ఏంజెలెస్‌లో 535 మంది హైస్కూలు పిల్లల్ని కొన్నేళ్లపాటు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఎంత చదివే పిల్లలైనా సరే, నిద్ర మానుకుని ఎక్కువసేపు చదివిన మర్నాడు క్లాసులో పాఠం అర్థంకాకపోవడం, పరీక్ష సరిగా రాయకపోవడం ఎక్కువగా జరిగాయి. ఇంకో లెక్క చూడండి. 17 గంటలు ఏకధాటిగా మేలుకున్న మనిషి చేతికీ కంటికీ ఉండే పొందిక, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడితో సమానమని 1997లో ఆస్ట్రేలియాలో తేల్చారు. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునేది 30 మిల్లీగ్రాములే. 4:30కి లేచిన మీ బాబుకి రాత్రి 9:30కి 17 గంటలు నిండుతాయి. అక్కడి నుంచి 11 దాకా వాడి చేత ఫిజిక్స్ చేయిస్తున్నారు. ఆ గంటన్నర తీసేసి నిద్ర ఇస్తే వాడి ర్యాంకుకేం కాదని నేను ధైర్యంగా చెప్పగలను. అసలు పరీక్షలు కూడా పట్టపగలే కదా. జేఈఈ మెయిన్ ఉదయం 9కో మధ్యాహ్నం 3కో, నీట్ మధ్యాహ్నం 2కి. తెల్లవారుజామున చురుగ్గా ఉండి, మధ్యాహ్నానికి మగతలోకి జారే మెదడుతో ఏం ప్రయోజనం?

తర్వాత మనసు. మీరు 'కసురుకుంటున్నాడు' అని ఒక్క మాటలో రాశారు గానీ నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. మన నిద్రలో గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలో వస్తుంది. కలల నిద్ర ఎక్కువగా తెల్లవారుజామున వస్తుంది. 4:30 బెల్లు నరికేది ఎక్కువగా ఆ రెండోదాన్నే. పగటి భయాలు, అవమానాలు, దిగుళ్లు మనసులో సర్దుకోవడానికి అది చాలా అవసరం. అది కరువైన పిల్లలు చిన్న మాటకే భగ్గుమంటారు, లేదా ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. వీక్లీ టెస్టులో 20 మార్కులు తగ్గితే ప్రపంచం మునిగిపోయినట్టు అనిపిస్తుంది. అమెరికాలో 15,659 మంది పిల్లల వివరాలతో 2010లో వచ్చిన అధ్యయనంలో, ఇంట్లోవాళ్లు అర్ధరాత్రి లేదా ఆ తర్వాత పడుకోనిచ్చే పిల్లల్లో, రాత్రి 10కి లోపే పడుకోబెట్టే పిల్లలతో పోలిస్తే డిప్రెషన్ 24 శాతం, చనిపోవాలన్న ఆలోచన 20 శాతం ఎక్కువగా కనిపించాయి. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్ పిల్లల గురించి ఎలాంటి వార్తలు చదువుతున్నామో నేను వేరే చెప్పక్కర్లేదు. వాటన్నిటికీ కారణం నిద్ర ఒక్కటే అని నేననను. కానీ కుంగిపోయిన పిల్లవాడికి నిద్ర కూడా లేకుండా చేయడం మన చేతులారా చేస్తున్న తప్పు.

ఇప్పుడు చెప్పేది చాలామందికి తెలియదు, కాస్త నిదానంగా చదవండి. కొన్నేళ్ల కిందట ఒక బైపీసీ సెకండియర్ అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. కారణం, హాస్టల్లో రాగిజావ గ్లాసు రోజూ ఒంపేసుకుంటోందని వార్డెన్ ఫిర్యాదు చేసింది. శ్రద్ధ లేదని తిట్టారు, రక్తం తక్కువని టానిక్ పట్టించారు. నేను ఎప్పుడెప్పుడు అలా జరుగుతోందని అడిగితే, "పొద్దున్నే మేడమ్, బ్రష్ చేసేటప్పుడు కూడా బ్రష్ చేతిలోంచి ఎగిరిపోతుంది, ఎవరో మోచెయ్యి తట్టినట్టుంటుంది" అంది. సాయంత్రం ఎప్పుడైనా? "ఎప్పుడూ లేదు." టెస్టుకి ముందురోజు రాత్రి బాగా మేలుకుంటే మర్నాడు ఎక్కువట. నాకు గుండె ఝల్లుమంది. ఇది మూర్ఛలో ఒక రకం. 12-18 ఏళ్ల మధ్య మొదలవుతుంది, నిద్రలేచిన కాసేపటిలోనే చేతులు ఒక్కసారిగా అదురుతాయి, స్పృహ మాత్రం ఉంటుంది. నిద్ర తగ్గితే రెచ్చిపోతుంది. పట్టించుకోకపోతే ఏదో ఒక రోజు పెద్ద ఫిట్స్ వచ్చి బాత్రూమ్‌లో పడిపోతారు. ఈ అమ్మాయిని న్యూరాలజిస్టు దగ్గరకు పంపాం, మెదడులోని విద్యుత్ సంకేతాలను చూసే ఈఈజీ పరీక్షలో తేలింది. మందులు మొదలుపెట్టి, రాత్రి 8 గంటల నిద్ర తప్పనిసరి చేశాక అదురు ఆగింది. చదువూ ఆగలేదు. నిద్ర తక్కువైతే అందరికీ ఈ జబ్బు వస్తుందని భయపడకండి, రాదు. లోపల ఉన్నవాళ్లలో నిద్రలేమి దాన్ని బయటికి లాగుతుంది.

మీ బాబు తలనొప్పి విషయానికొస్తే, మైగ్రేన్ ఉన్న పిల్లల్లో నిద్ర తగ్గడం దాన్ని రేపే పెద్ద కారణాల్లో ఒకటి. కళ్లజోడు అవసరమేమో కూడా ఒకసారి చూపించండి.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. నిద్ర తగ్గితే ఆకలి లెక్క తప్పుతుంది. 2004లో షికాగోలో ఆరోగ్యంగా ఉన్న యువకుల్ని రెండు రాత్రులు 4 గంటలే పడుకోనిస్తే ఆకలిని పెంచే హార్మోన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్ 18 శాతం తగ్గింది. హాస్టల్ పిల్లలు రాత్రి 11కి చిప్స్ ప్యాకెట్లకీ నూడుల్స్‌కీ ఎగబడటం తిండిపోతుతనం అనుకోకండి. అలా బరువు పెరుగుతుంది, ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఇంట్లో షుగరు ఉన్న కుటుంబాల పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రోగనిరోధక శక్తి తగ్గి జలుబులు, జ్వరాలు త్వరగా పట్టుకుంటాయి. ఎత్తు ఆగిపోతుందా అని చాలామంది తల్లులు అడుగుతారు. ఎదుగుదల హార్మోన్ ఎక్కువగా గాఢనిద్రలో విడుదలవుతుంది, నిద్ర తగ్గినా ఒళ్లు గాఢనిద్రను వీలైనంత కాపాడుకుంటుంది. కాబట్టి ఎత్తు గురించి అంత బెంగ వద్దు. డే స్కాలర్ పిల్లలు తెల్లవారుజామున ట్యూషన్‌కి బండి మీద వెళ్తే మాత్రం అది నాకు ఎత్తుకంటే ఎక్కువ బెంగ. ప్రమాదం జరగడానికి రెండు మూడు సెకన్ల కునుకు చాలు.

ఇప్పుడు మీరేం చేయగలరో చూద్దాం.

ముందు కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి. వార్డెన్ చేతిలో ఏమీ ఉండదు, ఆయన్ని అడిగి లాభం లేదు. ఇద్దరూ వెళ్లండి, వీలైతే ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల్ని వెంట తీసుకెళ్లండి. ఒక్కరే అడిగితే 'మీ వాడు వీక్' అని పంపేస్తారు. అడగాల్సింది ఒక్కటే, స్టడీ అవర్స్ 9:30కి ముగించండి, లేదా ఉదయం బెల్లు 6కి కొట్టండి. రెండూ కుదిరితే ఇంకా మంచిది. 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి 5 గంటలకు మించి క్లాసులు వద్దని, మరీ పొద్దున్నే, మరీ రాత్రిపూట పెట్టొద్దని ఉంది. మీ కాలేజీకి అది నేరుగా వర్తించకపోయినా మాట్లాడేటప్పుడు చేతిలో ఉండటం మంచిది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం హైస్కూళ్లు 8:30 కంటే ముందు మొదలుపెట్టొద్దని 2014లోనే చెప్పింది. సియాటిల్‌లో 2016లో బడి వేళ 7:50 నుంచి 8:45కి మార్చితే పిల్లలు రోజుకి 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. ఆలస్యంగా మొదలుపెడితే పిల్లలు ఇంకా ఆలస్యంగా పడుకుంటారన్న వాదన అక్కడ నిలబడలేదు. వినకపోతే మీ డాక్టరు దగ్గర ఒక ఉత్తరం రాయించుకోండి. నేను అలాంటివి చాలా రాసిచ్చాను, సగానికి సగం పనిచేశాయి. అదీ కుదరకపోతే డే స్కాలర్‌గా మార్చడం గురించి ఆలోచించండి. సీటు పోతుందేమో, కట్టిన ఫీజు పోతుందేమో అన్న మీ భయం నాకు అర్థమవుతుంది. అయినా చెప్తున్నాను.

ఇవన్నీ తేలేదాకా మధ్యాహ్నం భోజనమయ్యాక బల్ల మీద తల వాల్చి 20 నిమిషాలు పడుకోమనండి. గంట పడుకుంటే లేచాక మత్తుగా ఉంటుంది, రాత్రి నిద్ర రాదు. సాయంత్రం 4 తర్వాత టీ, కాఫీ, ఎనర్జీ డ్రింకులు వద్దు. తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. పొద్దున లేచాక పావుగంట ఎండ తగిలేలా ఆరుబయట నడవాలి, ఒంటి గడియారాన్ని ముందుకు జరిపేది అదే. ఇంటికొచ్చినప్పుడు ఫోను రాత్రంతా హాల్లో ఛార్జింగ్‌లో ఉంచండి, మీదీ మీవారిదీ కూడా. వాడిని మధ్యాహ్నం దాకా కాకుండా 8:30కో 9కో లేపి, మధ్యాహ్నం మళ్లీ ఒక కునుకు తియ్యనివ్వండి. మరీ ఆలస్యంగా లేస్తే ఆ రాత్రి నిద్ర పట్టదు, సోమవారం హాస్టల్లో మళ్లీ మొదటికొస్తుంది. మెలటోనిన్ గమ్మీలు ఆన్‌లైన్లో కొనొద్దు. వాడికి నిద్ర రాకపోవడం సమస్య కాదు, పోవడానికి వేళ లేకపోవడం సమస్య.

ఒకవేళ సెలవుల్లో వరుసగా రెండు వారాలు రోజుకి 9 గంటలు పడుకున్నా పగలు తూగుతుంటే అప్పుడు వేరే కారణం వెతకాలి. గురక పెడుతున్నాడా, రాత్రి కాళ్లు లాగుతున్నాయంటున్నాడా చూడండి. హిమోగ్లోబిన్, ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. రక్తహీనత మన పిల్లల్లో ఎంత ఎక్కువంటే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో దేశంలోని 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం, అబ్బాయిల్లో 31 శాతం మందిలో అది తేలింది. నవ్వినప్పుడో కోపమొచ్చినప్పుడో ఒళ్లు పట్టు తప్పుతోందంటే, మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారుతున్నాడంటే న్యూరాలజిస్టుకి చూపించాలి.

"నేను లేకపోతే మీకు బాగుంటుంది" లాంటి మాట ఎప్పుడైనా అంటే మాత్రం కాలేజీ, టెస్టు, ర్యాంకు ఏదీ చూడకుండా ఇంటికి తెచ్చుకోండి, పక్కనే ఉండండి, మానసిక వైద్యుడికి చూపించండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఈసారి బాబు ఇంటికొచ్చినప్పుడు మార్కుల మాట తియ్యకముందే రెండు విషయాలు అడగండి. ఉదయం బ్రష్ చేసేటప్పుడు చేతులు ఎప్పుడైనా అదురుతున్నాయా? రాత్రి లైట్లు ఆర్పాక ఏడుపొస్తోందా? రెండోదానికి వాడు వెంటనే జవాబు చెప్పకపోవచ్చు, తొందరపెట్టకండి. మొదటిదానికి అవునంటే మర్నాడు హాస్టల్‌కి పంపొద్దు, నేరుగా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.